పింఛను మీద బతికేవాడికి ఇల్లు అద్దెకివ్వరా?

ఈ నెల ఉత్తరాల్లో సగం అద్దె ఇళ్ల గోలే. వాటిలో వికలాంగులున్న ఇళ్ల నుంచి వచ్చినవి ఏరి ఈ సంచికకు పెట్టాను. మొదటి ఉత్తరం శ్రీకాకుళం నుంచి వచ్చింది గానీ సమస్య అమెరికాలో ఉంది. అక్కడి చట్టం మనకెందుకని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. మా వీధిలోనే రెండిళ్ల పిల్లలు అక్కడ ఉన్నారు. కష్టం వచ్చినప్పుడు ఫోను ఇక్కడికే వస్తుంది, నిద్ర ఇక్కడి అమ్మానాన్నలకే పట్టదు. విజయనగరంలో ప్రాక్టీసు పెట్టకముందు నేను కాలిఫోర్నియాలో అద్దెదారులకు ఉచితంగా సాయం చేసే న్యాయవాదుల ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. అందుకే ఆ జవాబు పొడుగైంది. ఓపిక లేనివాళ్లు నేరుగా రెండో ఉత్తరానికి వెళ్లిపోవచ్చు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రిటైరైన హైస్కూలు మాస్టారిని. మా అబ్బాయి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటాడు. అక్కడి పౌరసత్వం వచ్చింది. కారు యాక్సిడెంట్లో వెన్నుపూస దెబ్బతిని వీల్‌చైర్‌లోకి వచ్చేశాడు. ఉద్యోగం పోయింది. అక్కడి సోషల్ సెక్యూరిటీ నుంచి వైకల్యం కింద నెలకు 2,100 డాలర్లు వస్తున్నాయి. ఇప్పుడుంటున్న ఇంట్లో మెట్లున్నాయి. తక్కువ ఆదాయం వాళ్ల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తులో ఒక ఫ్లాట్ ఖాళీ ఉందని తెలిసి అప్లికేషన్ పెట్టాడు. అద్దె 1,100. అద్దెకు రెండున్నర రెట్లు ఆదాయం ఉండాలని, వీడికి అంత లేదని తిరగ్గొట్టారు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి హామీ సంతకం పెడతానంటే, అలాంటివి ఒప్పుకోమన్నారు. పైగా అక్కడి మేనేజరు మావాణ్ణి చూసి ‘ఒక్కడివే ఉండగలవా? పడిపోతే ఎవరు చూస్తారు?’ అని అడిగిందట. తక్కువ ఆదాయం వాళ్ల ఇల్లే, ఆదాయం తక్కువని ఇవ్వకపోవడమేటి మేడమ్? నేను నా పింఛనులోంచి నెలకు ముప్పై వేలు పంపుదామనుకుంటున్నాను. అది వాడికి సాయమవుతుందా, ఉన్నది కూడా చెడగొడుతుందా? మా ఆవిడ వెళ్లి వాడితో ఉంటానంటోంది. అది కుదురుతుందా? – శ్రీకాకుళం నుంచి ఒక తండ్రి

జవాబు: మాస్టారూ, ఇందులో రెండు వేర్వేరు గొడవలు కలిసిపోయాయి. ఒకటి ఆదాయం లెక్క, రెండోది మేనేజరు అడిగిన మాట. అబ్బాయి ఫిర్యాదు రాస్తే ఈ రెండూ ఒకే పేరాలో కలిపి రాయకూడదు. కలిపితే అవతలివాళ్లు మొదటిదానికి మాత్రం జవాబిచ్చి రెండోది మింగేస్తారు. ఇది నేను ఫైళ్లలో ఎన్నోసార్లు చూసిన తంతు.

ముందు ఆదాయం సంగతి. మీకు వచ్చిన అనుమానం సరైనదే. ఆ ఇళ్లకు పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. ఆ రెండు గీతలూ గీసిన చేతులు వేరు. అమెరికాలో ఇలాంటి ఇళ్లు ఎక్కువగా 1986లో వచ్చిన పన్ను రాయితీ పథకం కింద కట్టినవి. కట్టినవాళ్లకు ప్రభుత్వం పన్ను తగ్గిస్తుంది. దానికి బదులుగా వాళ్లు ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (అందరి ఆదాయాలూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యన నిలిచేది) ఇంత శాతం దాటనివాళ్లకే, మామూలుగా యాభై లేదా అరవై శాతం లోపువాళ్లకే, ఇల్లివ్వాలి. అది పై గీత, చట్టం గీసింది. కింది గీత చట్టంలో లేదు. అద్దె వసూలు కాదేమోనన్న భయంతో మేనేజ్‌మెంటు వాళ్లు గీసుకున్నది. పైగా ఈ పథకంలో అద్దె మీ అబ్బాయి జేబును చూసి పెట్టింది కాదు, ఊరందరి మధ్యస్థ ఆదాయాన్ని బట్టి పెట్టింది. అందుకే బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు పై గీతకు అర్హులై, కింది గీత దగ్గర ఆగిపోతారు. 1,100కు రెండున్నర రెట్లంటే 2,750. అబ్బాయికి 650 తక్కువ.

ఇలా కింది గీత పెట్టుకోవడం దానికదే నేరం కాదు. అందరికీ ఒకేలా పెడితే పెట్టుకోవచ్చు. కానీ వైకల్యం ఉన్న మనిషి విషయంలో చట్టం ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఆ నిబంధనను కొంచెం వంచితే ఈ మనిషి అందరిలాగే ఆ ఇంట్లో ఉండగలడా, వంచడం వల్ల యజమానికి పెద్ద భారం పడుతుందా అని. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్‌లో మొదట వైకల్యం ప్రస్తావన లేదు. 1988లో చేసిన సవరణతో చేరింది. ఇలా నిబంధనను సర్దడాన్ని అక్కడ రీజనబుల్ అకామడేషన్ అంటారు. కారణం లేకుండా దాన్ని కాదనడమే వివక్ష కింద లెక్క.

మీ అబ్బాయి కథకు దాదాపు అచ్చుగుద్దినట్టున్న కేసు ఒకటుంది. గీబెలర్ అనే ఆయన ఎయిడ్స్ వల్ల పని చేయలేని స్థితికి వచ్చి వైకల్య భృతి మీద బతుకుతూ, తల్లి ఇంటికి దగ్గరలో ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇల్లు అడిగాడు. అద్దెకు మూడు రెట్లు ఆదాయం ఉండాలన్నారు. ఆయనకు లేదు. తల్లి తన పేర లీజు తీసుకుని కొడుకుని ఉంచుతానంది. హామీదార్లను ఒప్పుకోవడం మా పద్ధతి కాదని తిప్పికొట్టారు. 2003లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆయన వైపు మొగ్గింది. ఆయన అద్దె తగ్గించమనలేదు, ఉచితంగా ఇమ్మనలేదు. ఆ అద్దె అంతా కట్టే స్తోమత ఉన్న మనిషి ముందుకొచ్చినప్పుడు, వైకల్యం వల్లే సంపాదన పోయినవాడి కోసం ఆ నిబంధనను సడలించమనడం సమంజసమే అంది. ఆ కోర్టు పరిధిలోకి కాలిఫోర్నియా వస్తుంది. మీవాడి అదృష్టం అక్కడే ఉంది.

అదే న్యూయార్క్ అయితే ఇంత ధైర్యంగా రాసేదాన్ని కాదు. అక్కడి రెండో సర్క్యూట్ కోర్టు 1998లో సాల్యూట్ కేసులో, వైకల్యం ఉన్న అద్దెదారులు ప్రభుత్వ వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వమే కడుతుందన్న కాగితం) తీసుకోమని యజమానిని అడిగినప్పుడు, మీరడిగేది పేదరికానికి సర్దుబాటు, వైకల్యానికి కాదు అని కొట్టేసింది. నా మటుకు నాకు ఆ తర్కం ఎప్పుడూ మింగుడుపడలేదు. వెన్ను విరిగి ఉద్యోగం పోతే, వైకల్యం ఎక్కడ ఆగి పేదరికం ఎక్కడ మొదలైందో ఏ స్కేలుతో కొలుస్తారు? కానీ తీర్పు తీర్పే. అందుకే అబ్బాయి వాళ్లకు రాసే ఉత్తరంలో వైకల్యానికీ ఆదాయం తగ్గడానికీ ఉన్న లింకు స్పష్టంగా కనపడాలి.

అబ్బాయిని ఒక పేజీ ఉత్తరం రాయమనండి. నాకు ఫలానా యాక్సిడెంట్ వల్ల వైకల్యం వచ్చింది, దానివల్లే ఉద్యోగం చేయలేకపోతున్నాను, దానివల్లే మీరు పెట్టిన రెండున్నర రెట్ల నిబంధన అందుకోలేకపోతున్నాను. ఈ మూడు మాటలూ అదే వరుసలో ఉండాలి. ఆ తర్వాత కోరేది ఒక్కటే: ఆ నిబంధనకు బదులు మా అక్క హామీని ఒప్పుకోండి. అక్క జీతం కాగితాలు, ఇన్నాళ్లూ పాత ఇంటి అద్దె సరిగ్గా కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయాలి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. ఫలానా తేదీలోగా అని కూడా రాయాలి, ఎందుకంటే ఈలోగా ఆ ఫ్లాట్ ఇంకొకరికి ఇచ్చేస్తే కోర్టు గెలిచినా ఇల్లు రాదు. ఫోనులో మాట్లాడాను, సరేనన్నారు అనే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫోనులో ‘సరే’ అన్న మనిషి మూడు నెలల తర్వాత ఆ ఆఫీసులో ఉండదు.

డాక్టరు రిపోర్టులన్నీ ఇవ్వక్కర్లేదు. వీల్‌చైర్ కంటికి కనిపిస్తోంది. కనిపించే వైకల్యానికి రుజువు అడగకూడదు. అడిగిన సర్దుబాటుకూ వైకల్యానికీ సంబంధం తెలియకపోతే ఆ ఒక్క ముక్క వరకే అడగొచ్చు. పని చేయలేని స్థితి అని సోషల్ సెక్యూరిటీ ఇచ్చిన కాగితం చాలు.

వోచర్ గురించి మీరు రాయలేదు. సెక్షన్ 8 వోచర్ ఉంటే అద్దెలో అబ్బాయి వాటా ఆదాయంలో సుమారు ముప్పై శాతం, మిగతాది ప్రభుత్వం కడుతుంది. వోచర్‌తో వచ్చినవాళ్లను తిప్పి పంపడాన్ని సమాఖ్య చట్టం నేరుగా ఆపదు, కాలిఫోర్నియా చట్టం 2020 నుంచి ఆపుతోంది. ఆ రాష్ట్రంలో ఇంకో మంచి నిబంధన ఉంది. ప్రభుత్వ సాయం ఉన్నప్పుడు ఆదాయం లెక్క మొత్తం అద్దె మీద కట్టకూడదు, అద్దెదారు వాటా మీదే కట్టాలి. అబ్బాయి వాటా ఆరు వందలు అనుకోండి. దానికి రెండున్నర రెట్లు 1,500. వాడికొచ్చేది 2,100. అడ్డం తొలగిపోయింది! అరవై రెండేళ్ల లోపు వైకల్యం ఉన్నవాళ్లకు మెయిన్‌స్ట్రీమ్ వోచర్లని ప్రత్యేకంగా ఉన్నాయి. వెయిటింగ్ లిస్టు పొడుగు, అయినా పేరు ఇప్పుడే ఎక్కించమనండి.

మీరు పంపే ముప్పై వేల సంగతి. నెలనెలా క్రమం తప్పకుండా బయటి నుంచి వచ్చే డబ్బును ఆ ఇళ్ల లెక్కలో ఆదాయంగానే చూస్తారు. చాలామంది తల్లిదండ్రులు ఇది తెలియక ‘ఇంటి నుంచి వచ్చే డబ్బే కదా’ అని చెప్పకుండా వదిలేస్తారు, తర్వాత ఏటా జరిగే తనిఖీలో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అది బయటపడుతుంది. మీ విషయంలో దాచాల్సిన అవసరం లేదు, చూపిస్తేనే లాభం. ముప్పై వేలంటే మూడు వందల పైచిలుకు డాలర్లు. 2,750కి ఇంకా చేరదు గానీ తేడా దాదాపు సగానికి తగ్గుతుంది. మీరు ఇంత పంపుతున్నానని ఒక ప్రకటన రాసి సంతకం పెట్టి పంపండి. బ్యాంకు ద్వారానే పంపండి. విదేశాల్లో ఉన్న దగ్గరి బంధువుల పోషణకు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, మీ మొత్తం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. అన్నట్టు, అబ్బాయికి సోషల్ సెక్యూరిటీ పాత బకాయి ఒకేసారి వచ్చి ఉంటే ఆ మొత్తం ఆదాయం కింద లెక్కకు రాదు. ఖాతాలో మిగిలి ఉంటే ఆస్తి కింద మాత్రం అడుగుతారు. ఇక్కడ వాడి పేర పొలమో ఇంటి వాటానో ఉంటే అదీ ఆస్తుల ఫారంలో రాయాల్సిందే. సిక్కోలు పొలం వాళ్లకెలా తెలుస్తుందిలే అనుకోవద్దు. ఆ ఫారం మీద అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని కిందనే అచ్చువేసి ఉంటుంది.

ఇక మేనేజరు మాట. ‘ఒక్కడివే ఉండగలవా’ అని ఆవిడ జాలితోనే అడిగి ఉండొచ్చు. జాలి చట్టంలో మినహాయింపు కాదు. ఇల్లు అడగడానికి వచ్చినవాడి వైకల్యం ఏ రకం, ఎంత తీవ్రం, తనంతట తాను బతకగలడా అని అడగడం అక్కడ నిషిద్ధం. మిగతా అభ్యర్థులను అడగని ప్రశ్న వీణ్ణి అడిగారంటే, ఆదాయం అన్నది పైకి చెప్పిన సాకేమో అన్న అనుమానానికి అదే మొదటి ఆధారం. ఆ రోజు తేదీ, టైము, ఆవిడ వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఈ రోజే రాసి పెట్టుకోమనండి. వారం గడిస్తే మాటలు మన నోట్లో వేరే రంగు పూసుకుంటాయి. సమాఖ్య గృహనిర్మాణ శాఖకు గానీ, కాలిఫోర్నియా సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కు గానీ ఏడాది లోపు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. నేరుగా కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్ల గడువు. ఫిర్యాదు చేశాడని కక్ష కట్టడం మళ్లీ వేరే నేరం.

నా సలహా అడిగితే, ముందు సర్దుబాటు ఉత్తరం, కాదంటేనే ఫిర్యాదు. మీవాడికి ఇప్పుడు కావాల్సింది మెట్లు లేని ఇల్లు. కేసు తర్వాతైనా నడపొచ్చు.

అమ్మగారి ప్రయాణం గురించి. విజిటర్ వీసా మీద వెళ్తే ఆవిడ అతిథే. లీజుల్లో అతిథి ఇన్ని రోజులకు మించి ఉండకూడదని రాసి ఉంటుంది. వైకల్యం వల్ల సాయం కావాలి గనుక ఆ రోజులు పెంచమని అడగడం కూడా సర్దుబాటు కిందకే వస్తుంది, అదీ కాగితం మీదే అడగాలి. ముందు ముందు ఎవరైనా మనిషి ఎప్పుడూ తోడు ఉండాల్సి వస్తే, ఇంట్లో ఉండి చూసుకునే ఆ సహాయకుల జీతం అబ్బాయి ఆదాయంలో కలపరు. వాళ్ల కోసం ఇంకో పడకగది కూడా అడగొచ్చు. ఆవిడకు నా మాటగా చెప్పండి, వెళ్లేది చలికాలంలో వద్దు.

ప్రశ్న: మేడమ్, మాది విజయనగరం. నేను టైలరింగ్ చేస్తాను. మా ఆయనకు పోలియో, చంకకర్రలతో నడుస్తారు, సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని. మూడు లాంతర్ల దగ్గర కింద పోర్షను ఖాళీ ఉందంటే వెళ్లాం. ఓనరు గారు పైన ఉంటారు. ముందు నేనొక్కదాన్నే వెళ్లినప్పుడు అద్దె ఆరు వేలు, రెండు నెలల అడ్వాన్సు అని మాట అయిపోయింది. మా ఆయన్ని తీసుకెళ్లి చూపించేసరికి ఓనరు గారి మొహం మారిపోయింది. ‘పింఛను మీద బతికేవాళ్లు, రేపు అద్దె కట్టకపోతే మిమ్మల్ని ఖాళీ చేయించడం పాపం కదమ్మా’ అన్నారు. వికలాంగుల చట్టం ఉందంటారు కదా, కేసు పెట్టొచ్చా? – విజయనగరం నుంచి ఒక చెల్లి

జవాబు: చెల్లీ, ఆ మాట నాక్కూడా తెలుసు. అమెరికా నుంచి వచ్చిన కొత్తలో నాకు కంటోన్మెంట్ వైపు ఇల్లు చూపించిన పెద్దాయన నా కాలికున్న కాలిపర్ చూసి, ‘మెట్లెక్కలేవమ్మా, నీ మంచికే చెబుతున్నాను’ అన్నాడు. ఇల్లు కిందిది. ఆ ఇంటికి మెట్టే లేదు.

చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. వైకల్యం కారణంగా ఎవరి మీదా వివక్ష చూపకూడదని మూడో సెక్షన్ చెబుతుంది. పై జవాబులో రాసిన సర్దుబాటు ఈ చట్టంలోనూ ఉంది, దాన్ని నిరాకరించడాన్ని వివక్ష నిర్వచనంలోనే చేర్చారు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. ఇదంతా చదివితే కేసు చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది.

అనిపించనివ్వకు. ఈ చట్టంలో ఉద్యోగానికి, చదువుకు, ప్రభుత్వ పథకాలకు రాసినంత వివరంగా ప్రైవేటు ఇంటి అద్దె గురించి రాయలేదు. పనులు చేయమని ఎక్కువగా ప్రభుత్వాలకే చెప్పింది. ఇంటి ఓనరు ఇవ్వనంటే ఏ అధికారి ఎన్ని రోజుల్లో ఏం చేయాలన్నది అందులో లేదు. అమెరికా చట్టం అంత గొప్పదా అంటే, అక్కడా ఓనరు అదే ఇంట్లో ఉంటూ నాలుగు కుటుంబాలకు మించని ఇల్లయితే సమాఖ్య చట్టం చాలావరకు వదిలేస్తుంది. మీ ఓనరు పైనే ఉంటున్నారన్నావు. అక్కడైనా ఆయన తప్పించుకునేవాడే.

అయితే చేతులు ముడుచుకోమనడం లేదు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయొచ్చు, విచారించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. వైకల్యం ఉన్నవాళ్లకు అక్కడ న్యాయసాయం ఉచితం. దీనికి ఆదాయం హద్దు లేదు, సర్టిఫికెట్ చూపిస్తే చాలు. ఫోనులో అడగాలంటే 15100. వాళ్లు ఓనరుని పిలిచి మాట్లాడితే సగం ఇళ్ల గొడవలు అక్కడే తేలిపోతాయి. పిలిపించుకున్నాక అదే ఇంట్లో ఆయన కింద కాపురం చేయగలరా అన్నది మీరిద్దరూ కూర్చుని ఆలోచించుకోండి.

నాకైతే ఇందులో పట్టుకోవాల్సింది ఇంకొకటి కనిపిస్తోంది. ఓనరు చూసింది చంకకర్రలను. పైకి చెప్పింది పింఛనును. మీ ఇంట్లో పింఛను ఒక్కటే ఆదాయమా? రాష్ట్రం ఇప్పుడు వికలాంగులకు ఇస్తున్నది నెలకు ఆరు వేలు. నీ కుట్టుమిషను సంపాదన, మీ ఆయన షాపు జీతం దాని మీద. అయినా ఓనరు కళ్లకు ‘పింఛను మనిషి’ మాత్రమే కనిపించాడు. మరో మాట, ప్రతినెలా మొదటి తేదీన ఠంచనుగా ఇంటికొచ్చి చేతికందే డబ్బు మన ఊళ్లో ప్రైవేటు ఉద్యోగాల్లో ఎంతమందికుంది? అద్దెకు అంతకంటే నమ్మకమైన రాబడి ఏముంటుంది? తర్వాతి ఇంటికి వెళ్లేటప్పుడు పింఛను పుస్తకం, షాపు ఓనరు దగ్గర జీతం కాగితం, పాత ఇంటి అద్దె ఫోన్‌పేలో కట్టిన వివరాలు వెంట తీసుకెళ్లు. ఇద్దరూ మొదటిసారే కలిసి వెళ్లండి. మొహం మారితే గుమ్మంలోనే తెలిసిపోతుంది, మాట అయిపోయాక మనసు విరిగే బాధ ఉండదు. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకోండి. గడప ఎత్తుగా ఉంటే ఇనుప రేకుతో తీసి పెట్టుకునే వాలు చేయించుకుంటామని, ఖర్చు మాదేనని అందులోనే ఒక వాక్యం పెట్టించండి.

పదిమందిలో వైకల్యం పేరు పెట్టి అవమానిస్తే 92వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మీ ఓనరు మాట దానికి సరిపోదు. సరిపోని సెక్షన్ చూపించి బెదిరించొద్దు, సరిపోయే రోజు వస్తే అది పనికిరాకుండా పోతుంది.

ప్రశ్న: నాకు డెబ్భై శాతం వినికిడి లోపం, సర్టిఫికెట్ ఉంది, పింఛను వస్తోంది. మా ఆయన మిల్లులో 18,000 జీతానికి చేస్తున్నారు. పట్టణ పేదల ఇళ్ల పథకంలో పెట్టుకుందామంటే, నా పింఛను కలిస్తే ఆదాయం ఎక్కువైపోతుందని, రాయొద్దని ఒకాయన చెప్పాడు. నిజమేనా? – బొబ్బిలి

జవాబు: ఆయన లెక్క వేసి చెప్పాడా, ఊరికే చెప్పాడా? నెలకు 18,000 అంటే ఏడాదికి 2,16,000. పింఛను ఆరు వేల చొప్పున 72,000. రెండూ కలిపితే 2,88,000. 2024లో మొదలైన రెండో విడత ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ఆర్థికంగా బలహీన వర్గాల హద్దు కుటుంబానికి ఏడాదికి మూడు లక్షలు. మొత్తం రాసినా లోపలే ఉన్నారు. దాస్తే వచ్చే లాభం సున్నా, తర్వాత పట్టుబడితే పోయేది ఇల్లు. ఓవర్‌టైము, బోనసు లాంటివి ఉంటే అవి మాత్రం సరిగ్గా చూసుకోండి, మీకూ గీతకూ మధ్య ఉన్నది పన్నెండు వేలే.

అసలు మీరు అడగాల్సింది ఇంకొకటి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇళ్ల పథకాల్లో ఐదు శాతం రిజర్వేషన్ ఇవ్వాలని 2016 చట్టం 37వ సెక్షన్ చెబుతుంది. అందులోనూ ఆడవాళ్లకు ప్రాధాన్యం. దరఖాస్తు మీ పేరనే పెట్టండి, ఆయన పేరన కాదు. సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) జత చేసి, 37వ సెక్షన్ కింద పరిగణించమని పైనే ఒక లైను రాయండి. రసీదు తీసుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు. దేశంలో ఎక్కడా మీ కుటుంబంలో ఎవరి పేరా పక్కా ఇల్లు ఉండకూడదన్న షరతు కూడా గుర్తుంచుకోండి. మీ పథకంలో సొంతిల్లు కాకుండా అద్దె ఇళ్ల విభాగం కూడా ఉంది. మిల్లు పని మీద ఊళ్లు మారేవాళ్లయితే దాన్నీ అడిగి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. కీళ్లవాతం. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీలు బిగించుకుంటానంటే ఎక్స్‌ట్రా డిపాజిట్ కట్టమంటున్నారు. న్యాయమేనా? – రాజాం

జవాబు: వైకల్యం పేరు చెప్పి డిపాజిట్ పెంచకూడదు. కడ్డీలు బిగించుకోనివ్వాల్సిందే. మామూలు ప్రైవేటు ఇంట్లో ఆ ఖర్చు అమ్మాయిదే. సమాఖ్య ప్రభుత్వం డబ్బు ఆ బిల్డింగుకు నేరుగా అందుతుంటే 1973 నాటి అక్కడి పునరావాస చట్టం (రీహాబిలిటేషన్ యాక్ట్) 504వ సెక్షన్ ప్రకారం చాలావరకు యజమానే భరించాలి, కాబట్టి ముందు ఆ సంగతి ఆఫీసులో అడగమనండి. బిల్డింగు ఎప్పుడు కట్టారో కూడా అడగాలి. 1991 మార్చి 13 తర్వాత మొదటిసారి వాడకంలోకి వచ్చిన, నాలుగు అంతకు మించి ఇళ్లున్న కట్టడమైతే లిఫ్టు ఉంటే అన్ని ఇళ్లలో, లేకపోతే కింది అంతస్తు ఇళ్లలో స్నానాల గది గోడల్ని ఇలాంటి కడ్డీలు ఆగేంత గట్టిగా ముందే కట్టి ఉండాలి. పాతదైతే గోడ లోపల బలానికి చెక్క వేయించాల్సి రావొచ్చు. ఖాళీ చేసేటప్పుడు కడ్డీలు తీసి గోడ మామూలుగా చేయమనే హక్కు యజమానికి ఉంది, దానికయ్యే ఖర్చు వరకు విడి ఖాతాలో కొద్దికొద్దిగా వేయమని అడగొచ్చు, ఆ వడ్డీ అమ్మాయిదే. లోపల వేసిన చెక్కను మాత్రం తీయక్కర్లేదు, తర్వాత వచ్చేవాళ్లకు అది అడ్డం కాదు.